పెరుగు ప్యాకెట్ల పక్కన టీకా

మా వంటావిడ లెక్కలో ఏ వస్తువైనా ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. చేపలు, పచ్చి కొబ్బరి, పూజకు తెచ్చి మిగిలిన పూలు, చివరికి చింతపండు కూడా ఆవిడ చేతికి దొరికితే ఫ్రిజ్ పై అరలోకి, మంచు గడ్డల మధ్యకు వెళ్ళిపోతాయి. 2024 ఫిబ్రవరి రెండో వారంలో ఒక రాత్రి 206 గది అమ్మాయి మందుల షాపు కవరు ఒకటి తెచ్చి పెరుగు ప్యాకెట్ల పక్కన పెట్టింది. "ఆంటీ, రేపు సాయంత్రం తీసుకుంటాను, ఎవరూ ముట్టకుండా చూడండి" అని చెప్పి పైకి వెళ్ళిపోయింది. నేను సరేనన్నాను. వంటావిడకు చెప్పడం మరిచిపోయాను. తెల్లవారి చూస్తే కవరు పెరుగు పక్కన లేదు. పై అరలో మంచు పట్టి రాయిలా ఉంది. "మందు కదమ్మా, పాడైపోతుందని పైన పెట్టాను" అంది వంటావిడ, మెచ్చుకుంటానేమోనని నా ముఖంలోకి చూస్తూ.

ఆ అమ్మాయికి ఏడుపు ఒక్కటే తక్కువ. అది రెండు వేల రూపాయల హెచ్‌పీవీ టీకా, ఆడవాళ్ళకు వచ్చే ఒక క్యాన్సర్‌ను ఆపేది. జీతం పడేదాకా ఆగి, ఇంట్లో చెప్పకుండా కొనుక్కుంది.

మాది కందుకూరు దగ్గర పల్లె. పదకొండేళ్ళ క్రితం నేనూ మా ఆయనా బెంగళూరు వచ్చి, మారతహళ్ళి పక్కన మున్నెకొలాలలో నాలుగంతస్తుల భవనం ఒకటి లీజుకు తీసుకుని ఆడపిల్లల పీజీ పెట్టాం. 58 మంచాలు. మా వీధిలో ఏ గేటు ముందు నిలబడి పిలిచినా తెలుగులోనే పలుకుతారు. మా పిల్లల్లో కొందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కొందరు ఇంకా కోచింగ్ తీసుకుంటూ ఇంటర్వ్యూలకు తిరిగేవాళ్ళు. వాళ్ళను గది నంబర్లతో గుర్తు పెట్టుకోవడం నాకు అలవాటు. ఇక్కడా అలాగే రాస్తాను, వాళ్ళ పేర్లతో ఎవరికీ పని లేదు.

పాడు చేసింది మా ఫ్రిజ్ కాబట్టి డబ్బు నేనే ఇస్తానన్నాను. అయినా ఒకసారి డాక్టరమ్మకు చూపిస్తే, కరిగాక వేయవచ్చంటారేమోనని ఆశ. సాయంత్రం ఇద్దరం క్లినిక్‌కు వెళ్ళాం. ఆవిడది కోలారు వైపు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ ప్రతి మాట చివరా కన్నడం తొంగి చూస్తుంది. సీసాను ట్యూబులైటు వెలుతురుకు పట్టి ఊపారు. లోపల సన్నటి తెల్లటి పలుకులు కదిలాయి. "గడ్డ కట్టింది, ఇక పనికిరాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మీ పెరుగు ఉన్న చోటే దీనికి సరైన చోటు" అన్నారు. టీకా గట్టిగా పనిచేయడానికి ఇందులో అల్యూమినియం లవణం కలుపుతారట. ఒకసారి గడ్డ కడితే అది విడిపోయి ముద్దలవుతుంది, మళ్ళీ కలవదు. విరిగిన పాలు గుర్తొచ్చాయి నాకు. ఇంకో సంగతి కూడా ఆవిడే పట్టుకున్నారు. మందుల షాపు వాళ్ళు ఐస్ ప్యాక్ కూడా పెట్టకుండా మామూలు కవరులో వేసి ఇచ్చేశారు. అమ్మాయి దాన్ని అలాగే ఆటోలో తెచ్చింది. అంటే మా వంటావిడ ముట్టకపోయినా ఆ సీసాను నమ్మడానికి లేదు. నాకు కొంచెం ఊరట కలిగింది, ఆ షాపు వాడి మీద ఒళ్ళు మండింది.

"మీ దగ్గర ఎంతమంది పిల్లలున్నారు?" అని అడిగారు డాక్టరమ్మ.

"యాభై ఎనిమిది."

"ఈ టీకా ఎంతమంది వేయించుకున్నారు?"

ఎవరు చపాతీ తింటారో, ఎవరు గుడ్డు తినరో, ఎవరి అడ్వాన్స్ ఎంత బాకీ ఉందో అడిగితే నిద్రలో చెప్తాను. ఇది తెలియదు. "గర్భసంచి క్యాన్సర్‌కు కదా ఇది" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"గర్భసంచికి కాదమ్మా, దాని ముఖద్వారానికి" అని కాగితం మీద బొమ్మ వేశారు. బోర్లించిన కూజాలా ఉంది. కూజా పొట్ట గర్భసంచి, కింద సన్నటి మెడ ముఖద్వారం. జబ్బు ఆ మెడ దగ్గర మొదలవుతుంది. ఆ బొమ్మ చూస్తుంటే మా పెద్ద ఆడబిడ్డ గుర్తొచ్చింది. ఆమెను ఏడాది పాటు చెన్నై అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి తిప్పాం. మా వైపు "అడయారు తీసుకెళ్ళారు" అంటే ఇంకెవరూ ఏమీ అడగరు, ఆ పేటకు జబ్బు పేరు అంటుకుపోయింది. ఆమెకు ఏమైందని మా అత్తగారిని అడిగితే "కడుపులో గడ్డ" అనేవారు. నలభై తొమ్మిదో ఏట పోయింది. ఆ గడ్డ ఎక్కడ వచ్చిందో ఇన్నేళ్ళకు ఆ కూజా మెడ దగ్గర చూశాను.

ఆ రోజు రోగులు తక్కువగా ఉన్నారు. డాక్టరమ్మ అరగంట కూర్చోబెట్టి చెప్పారు. హెచ్‌పీవీ అనే వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చాలావాటితో ఏమీ కాదు. 16, 18 అనే రెండు రకాలు మాత్రం ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. వైరస్‌కూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ వైరస్ శరీరాలు కలిసినప్పుడు, చర్మం చర్మానికి తగిలి వస్తుంది. దాంపత్య జీవితం ఉన్న వాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువ మందికి ఏడాది రెండేళ్ళలో తనంతట తానే పోతుంది. కొందరిలో మాత్రం పోకుండా నిలిచి, పదిహేను ఇరవై ఏళ్ళ తర్వాత క్యాన్సర్‌గా మారుతుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే 1.27 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. టీకాలో వైరస్ ఉండదు, దాని పైపెంకు లాంటి ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. లోపల సొన లేని గుడ్డు పెంకు అనుకోండి, దాన్ని పొదిగినా పిల్ల రాదు. శరీరం ఆ పెంకును చూసి శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. అందుకే వైరస్ సోకకముందే, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయించడం అన్నిటికన్నా మేలు. ఆ వయసులో రెండు డోసులు చాలు. 15 దాటితే మూడు: మొదటిది, రెండు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి.

"మరి మా పిల్లలందరూ ఇరవై దాటినవాళ్ళే" అన్నాను.

"26 వరకు వేస్తాం. ఆలస్యమైంది నిజమే. అయినా వేయించుకోవడం మంచిదే" అన్నారు.

206 అమ్మాయి కొన్నది పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సెర్వావాక్. అది 2022లో అనుమతి పొంది, 2023లో మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు అన్నీ విదేశీ టీకాలే. తొమ్మిది రకాలను ఆపే గార్డసిల్ 9 అయితే డోసుకు పది వేలు దాటుతుంది. మూడు డోసులకు ముప్పై వేలు మా పిల్లల్లో ఎవరు పెడతారు? రెండు వేలదైతే నాలుగు రకాలను ఆపుతుంది, అసలు భయం ఉన్న ఆ రెండూ అందులో ఉన్నాయి. పది మందికి పైగా వస్తే తన ఫీజు తీసుకోనని, టీకాలు క్లినిక్ ఫ్రిజ్‌లోకే తెప్పిస్తానని డాక్టరమ్మ మాట ఇచ్చారు. "మీ ఫ్రిజ్ వద్దు" అని నవ్వారు.

ఇంటికి రాగానే ఉత్సాహం పట్టలేక వచ్చే ఆదివారమే సభ పెట్టేశాను. భోజనాల గదిలో, బిర్యానీ వడ్డించే ముందు. బిర్యానీ రోజు తప్ప మా పిల్లలు ఒకచోట చేరరు. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం చదివాను. "గర్భాశయ ముఖద్వారం" అనే మాట దగ్గర నా గొంతే చిన్నదైపోయింది. వెనక బల్ల దగ్గర ఇద్దరు నవ్వు ఆపుకుంటున్నారు. ఒక అమ్మాయి ఫోనులో, ఈ క్యాన్సర్‌తో చనిపోయానని తనే పుకారు పుట్టించి మర్నాడు బతికే ఉన్నానన్న నటి వార్త చూపిస్తూ "ఇదే కదా ఆంటీ" అంది. ఆ నెల మొదట్లో ఎక్కడ చూసినా అదే గోల. అదే నెల ఒకటో తారీఖున కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని ఆర్థిక మంత్రి చెప్పారు, అది మాత్రం మా గదిలో ఒక్కరికీ తెలియదు. "సందేహాలుంటే అడగండమ్మా" అన్నాను. ఎవరూ నోరు తెరవలేదు. "ఆంటీ, రైతా ఉందా?" అన్నది ఆ రోజు వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న.

సిగ్గుతో వంటింట్లోకి పోయాను. ఇక దాని ఊసెత్తకూడదనుకున్నాను.

అసలు ప్రశ్నలు ఆ రాత్రి పదకొండు తర్వాత వాట్సాప్‌లో మొదలయ్యాయి. "ఆంటీ, నేను అడిగానని ఎవరికీ చెప్పకండి" అని మొదలయ్యే సందేశాలు నాలుగు రోజుల్లో పదిహేడు వచ్చాయి. నెలసరి రోజుల్లో వేయించుకోవచ్చా? పిల్లలు పుట్టకుండా పోతారట, నిజమా? థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను, పరవాలేదా? ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందట, మూడెందుకు? పెళ్ళయ్యాక మా ఆయనకు దీని గురించి తెలుస్తుందా? ఇది చదివి చాలాసేపు అలా కూర్చున్నాను. అన్నిటికన్నా కష్టమైనది ఒక అమ్మాయి మూడుసార్లు రాసి, రెండుసార్లు చెరిపేసింది: "ఇప్పటికే ఒకరితో ఉన్నాను ఆంటీ, ఇక వేసుకుని లాభం లేదా?"

ఎవరిదో చెప్పకుండా ప్రశ్నలన్నీ డాక్టరమ్మకు చదివి వినిపించి, జవాబులు రాసుకుని, మళ్ళీ ఒక్కొక్కరికీ పంపాను. నెలసరిలో వేయించుకోవచ్చు. సంతానానికి హాని లేదు. గర్భం వస్తే మాత్రం మిగిలిన డోసులు కాన్పు దాకా ఆపాలి. థైరాయిడ్ అడ్డం కాదు, ఈస్ట్‌తో తీవ్రమైన అలర్జీ ఉంటే ముందే చెప్పాలి. ఒక్క డోసు మాట నిజమే, 9 నుంచి 20 ఏళ్ళ వాళ్ళకు ఒక్కటైనా సరిపోవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, కానీ మన దగ్గర ఈ టీకాకు 15 దాటిన వాళ్ళకు మూడని అనుమతి ఉంది, ఆవిడ అదే పాటిస్తారు. టీకా వేయించుకున్న సంగతి చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. చివరి ప్రశ్నకు ఆవిడ చెప్పింది యథాతథంగా పంపాను: "ఒక రకం సోకి ఉన్నా మిగతా రకాల నుంచి కాపాడుతుంది. రమ్మనండి. నేను ఆమెను ఏమీ అడగను."

ఆ అమ్మాయి చేతులు జోడించిన బొమ్మ పంపింది. ఎవరో నాకు తెలుసు. మర్నాడు టిఫిన్ దగ్గర మామూలుగా "చట్నీ కారం ఎక్కువైంది ఆంటీ" అంది. నేనూ మామూలుగానే "నీళ్ళు తాగు" అన్నాను.

తర్వాత అమ్మల ఫోన్లు. ఇదంతా మొదలుపెట్టినప్పుడు నేను లెక్కలోకి తీసుకోనిది ఇదే. పిల్లలు మేజర్లు, సొంత సంపాదన, ఎవరినీ అడగనక్కర్లేదు అనుకున్నాను. కానీ రెండు వేలు ఖర్చు పెట్టాలన్నా ఇంట్లో చెప్పి చేసే పిల్లలే ఎక్కువ. కనిగిరి నుంచి ఒకావిడ చేసింది. "అక్కా, పెళ్ళి కావలసిన పిల్ల. ఇలాంటి టీకా వేయించుకుందని తెలిస్తే సంబంధాల వాళ్ళు ఏమనుకుంటారు?" మొదటిసారి నాకు జవాబు తోచలేదు. డాక్టరమ్మను అడిగితే, "మీ పిల్లలకు పుట్టగానే హెపటైటిస్-బి టీకా వేయించారా?" అన్నారు. వేయించాం. "అది కూడా రక్తం నుంచి, తల్లి నుంచి, శారీరక సంబంధం నుంచి వచ్చే జబ్బే. పుట్టిన బిడ్డకు ఆ టీకా వేస్తే ఏ అత్తగారైనా అనుమానపడిందా?" ఇదే మాట కనిగిరి ఆవిడకు చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే చిన్నదానికి కూడా వేయించాలా? అది తొమ్మిదో తరగతి" అంది. దానికైతే రెండు డోసులతో సరిపోతుందన్నాను. బేరం కుదిరినంత సంతోషంగా ఫోను పెట్టేసింది.

నన్ను బాగా కుదిపింది మార్కాపురం వైపు నుంచి చేసిన ఇంకో తల్లి. "ఈ ఖర్చంతా ఎందుకమ్మా? పిల్లలు పుట్టాక గర్భసంచి తీసేయిస్తే క్యాన్సర్ భయమే ఉండదు కదా. నాకు ముప్పై మూడో ఏట తీసేశారు, మా అక్కకు తీసేశారు, మా తోటికోడలికి తీసేశారు." తెల్లబట్ట అవుతోందని వెళ్తే "ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి ఆపరేషన్ చేశారట. దేశంలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర, తెలంగాణ ముందున్నాయి. మా ఊళ్ళో అయితే అదొక మామూలు మాట, పంటి నొప్పికి పన్ను తీయించినట్టు చెప్పుకుంటారు. "తీయించుకున్నప్పటి నుంచి ఎలా ఉంది వదినా?" అని అడిగాను. నడుము నొప్పి, ఒంట్లో ఆవిర్లు, రాత్రి నిద్ర లేకపోవడం, అన్నీ చెప్పుకొచ్చింది. ఇరవై నిమిషాలు మాట్లాడింది. చివర్లో తనే, "సరే, సూది పోటే నయంలే, వేయించుకోమను" అంది. నేను టీకా గురించి చెప్పింది మహా అయితే రెండు ముక్కలు.

ఇంతలో క్లినిక్ వాళ్ళు ఫారాలు పంపారు. పేరు, వయసు, అలర్జీలు, కింద సంతకం. దాని పక్కన "సంరక్షకుల సంతకం" అని ఇంకో గీత. చిన్నపిల్లలకు వాడే ఫారమే అందరికీ ఇచ్చినట్టున్నారు. కౌంటరులో అమ్మాయిని అడిగితే, "పీజీ వార్డెన్‌గా అన్నిటి మీదా మీరే సంతకాలు పెట్టి ఇచ్చేయండి, పని త్వరగా అవుతుంది" అంది. నాకేమీ తప్పుగా తోచలేదు. పోలీసు వెరిఫికేషన్ కాగితాల మీద రోజూ పెట్టే సంతకమే కదా. రాత్రి హాలులో కూర్చుని పెన్ను తీశాను.

అప్పుడే 304 అమ్మాయి నీళ్ళ సీసా నింపుకోవడానికి కిందికి వచ్చింది. భద్రాచలం దగ్గరి పిల్ల. నెమ్మదస్తురాలు, సభలోనూ వాట్సాప్‌లోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నా చేతిలో ఫారాలు చూసి ఆగిపోయింది. "మా అక్కకు కూడా ఇలాగే వేశారు ఆంటీ" అంది.

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ప్రయోగాత్మక కార్యక్రమంగా వేశారు. ఒక అంతర్జాతీయ సంస్థ, ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఒక్క ఖమ్మంలోనే పద్నాలుగు వేల మంది. వాళ్ళలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలు. 304 వాళ్ళ అక్క అప్పుడు పన్నెండేళ్ళది, హాస్టల్లో ఉండేది. వరసలో నిలబెట్టి వేశారు. ఏమిటని అడిగితే మంచిదని చెప్పారు. అమ్మానాన్నలకు తర్వాత ఎప్పుడో తెలిసింది, ఎందుకంటే వాళ్ళ తరఫున వార్డెనే సంతకం చేసేశారు. కొన్ని నెలలకు రెండు రాష్ట్రాల్లో కలిపి టీకా వేసుకున్న పిల్లల్లో ఏడుగురు చనిపోయారన్న వార్త వచ్చింది. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. ఒకరు నీళ్ళలో మునిగి పోయారు, ఒకరిని పాము కరిచింది, పురుగుల మందు తాగినవాళ్ళున్నారు. అయితే అనుమతి తీసుకున్న తీరు తప్పని మాత్రం తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది.

"మీ అక్కకు ఇప్పుడెలా ఉంది?" అని అడిగాను.

"బాగుంది. ఇద్దరు పిల్లలు. కానీ మా అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తితే వణికిపోతుంది. అక్కకు జ్వరం వచ్చినా దాని వల్లే అంటుంది."

పెన్ను మూత పెట్టేశాను. మర్నాడు ఫారాలు ఎవరివి వాళ్ళకిచ్చి, రెండు వైపులా చదవమని, రాకపోయినా ఎవరూ ఏమీ అనరని చెప్పాను. సంరక్షకుల గీత మీద అడ్డంగా గీటు పెట్టించాను. అది తమకు అక్కర్లేదని డాక్టరమ్మ కూడా అన్నారు. ఒప్పుకున్న పద్నాలుగు మందిలో ముగ్గురు ఫారం చదివాక మానుకున్నారు. ఒకామె కారణం చెప్పింది, ఇద్దరు చెప్పలేదు. నేను అడగలేదు. 304 అమ్మాయి నాలుగు రోజులు ఆలోచించి సంతకం చేసింది. ఇంట్లో చెప్పలేదు. చెప్పమని నేనూ అనలేదు, అమ్మ అడిగితే అబద్ధం చెప్పవద్దని మాత్రం అన్నాను.

ఫిబ్రవరి 25, ఆదివారం. పదకొండు మందితో నడుచుకుంటూ వెళ్ళాం. భుజం కండకు సూది, అర మిల్లీలీటరు మందు, ఐదు క్షణాల పని. తర్వాత పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు, ఈ వయసు పిల్లలు సూదికి కళ్ళు తిరిగి పడిపోతుంటారట. అందరికన్నా ధైర్యంగా వీడియోలు తీసిన 109 అమ్మాయే పడిపోయింది. బెంచీ మీద పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపట్టాం. రెండు నిమిషాల్లో లేచి "వీడియో తీశారా?" అంది. రాత్రికి కొందరికి చెయ్యి బరువెక్కింది, ఇద్దరికి ఒళ్ళు వెచ్చబడింది. మర్నాడు అందరూ ఆఫీసులకు వెళ్ళిపోయారు.

రెండో డోసు ఏప్రిల్ 28న. ఆ వేసవిలో బెంగళూరులో బతికిన వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకరు ధర అడిగితే కళ్ళు తిరిగేవి. 58 మందికి స్నానాల నీళ్ళు సర్దలేక నేను టీకా తేదీ కూడా మరిచిపోయాను. 206 అమ్మాయే గుర్తు చేసింది. నీళ్ళు లేక కొందరు ఇంటి నుంచి పని చేస్తామని ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఒకమ్మాయి హైదరాబాద్‌కు బదిలీ చేయించుకుంది, ఆమెకు కార్డు ఇచ్చి అక్కడ వేయించుకోమన్నాం. తొమ్మిది మంది వచ్చారు. వెళ్ళిపోయిన ఇంకొకామె మే 13న ఊళ్ళో ఓటు వేశాక తిరిగొచ్చి వేయించుకుంది. ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదట, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. ఇది ముందే తెలిసి ఉంటే నేను అంత గాభరాపడేదాన్ని కాదు.

ఆగస్టు 25 నాటికి ఎనిమిది మంది మిగిలారు. 211 అమ్మాయికి శ్రావణంలో పెళ్ళయింది, పీజీ ఖాళీ చేసి కొత్త కాపురానికి వైట్‌ఫీల్డ్ వెళ్ళింది. ఇక రాదనుకున్నాను. పసుపుతాడు ఇంకా మెరుస్తుండగా స్కూటర్ మీద భర్తతో దిగింది. అతను హెల్మెట్ చేతిలో పట్టుకుని, గుమ్మం దగ్గర చాలాసేపు తటపటాయించి, "మేడం, మగవాళ్ళకు కూడా ఉందట కదా?" అని అడిగాడు. ఉంది, మగవాళ్ళకూ ఈ వైరస్ వల్ల గొంతు క్యాన్సర్ లాంటివి వస్తాయి, ఆస్ట్రేలియాలో 2013 నుంచి అబ్బాయిలకూ వేస్తున్నారని డాక్టరమ్మ చెప్పారు. అతనికి 28. ఈ టీకా వయసు దాటిపోయింది. ఆ మాట విని అతను మొహం చిన్నబుచ్చుకోవడం నాకు ముచ్చటేసింది.

హైదరాబాద్ పిల్ల మూడో డోసు కార్డు ఫోటో పంపింది. ఒకామె మాత్రం నంబరు మార్చేసింది. ఆమె రెండు వద్దే ఆగిందో, ఎక్కడైనా పూర్తి చేసిందో.

ఆ రోజు డబ్బు కట్టి బయటికి వస్తుంటే డాక్టరమ్మ వెనక్కి పిలిచారు. "మీరు పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?"

"ఏ పరీక్ష?"

"పాప్ పరీక్ష, ఈ క్యాన్సర్‌ను ముందే పట్టుకునేది. టీకా మీకు కాదు, మీ వయసుకు ఇది. టీకా వేయించుకున్న వీళ్ళు కూడా ముప్పై వచ్చాక చేయించుకుంటూ ఉండాలి, అన్ని రకాలనూ ఆ టీకా ఆపదు కదా."

నాకు 46. ఆడబిడ్డను అడయారు తిప్పిన దాన్ని, ఆరు నెలలుగా ఊరందరి అమ్మలకూ పాఠాలు చెప్పిన దాన్ని, నేను ఒక్కసారీ చేయించుకోలేదు. వచ్చే వారం వస్తానన్నాను. "వచ్చే వారం అంటే ఏ రోజు ఆంటీ?" అంది పక్కనుంచి 206, ఫోనులో క్యాలెండర్ తెరిచి. మంగళవారం అని తనే ఖాయం చేసింది.

మంగళవారం వంటావిడను కూడా లాక్కెళ్ళాను. ఆవిడకు 41. దారి పొడుగునా "నాకేం రోగం లేదమ్మా" అంటూనే ఉంది. లోపల నొప్పి ఏమీ లేదు, ఇబ్బందిగా ఉంది, రెండు నిమిషాల్లో అయిపోయింది. చిన్న బ్రష్షు లాంటి దానితో ఆ కూజా మెడ దగ్గర నుంచి కాస్త తీసి పరీక్షకు పంపారు. బయటికొచ్చి వంటావిడ నాకు చెప్పిన మొదటి మాట: "దీన్ని ఫ్రిజ్‌లో పెట్టాలా?"

పది రోజులకు ఇద్దరి రిపోర్టులూ వచ్చాయి, ఏమీ లేదు. మళ్ళీ మూడేళ్ళకు రమ్మన్నారు. పిల్లల డోసులు రాసుకున్న నోటుబుక్కు తీసి, 304 కింద మా ఇద్దరి పేర్లూ రాసి, ఎదురుగా 2027 సెప్టెంబర్ అని వేశాను. గది నంబరు గడిలో ఏం రాయాలో తోచక "వంటిల్లు" అని పెట్టాను.